డాక్టరు నడవమన్నాడు

హలో… ఆ, నేనేనక్కా… ఆయాసమా? మెట్లెక్కుతున్నాలే. మూడో అంతస్తులో ఆగా, ఇంకా రెండున్నాయి…

లిఫ్టుకేం, నిక్షేపంలా ఉంది. రోగమంతా మాకే.

…మా ఎదురింట్లో కొత్తగా దిగారని చెప్పలా? ఆ, వాళ్లే. మన జాతి కాదు, మన రంగు కాదు… ఆయన లిఫ్టెక్కితే మావాళ్లెవరూ ఎక్కరు.

…ఛ, మాట తూలతామా? మర్యాదస్తులం. మొదట కింది వాటా పిన్నిగారు, "డాక్టరు నడవమన్నాడు" అంటూ మెట్లవైపు తిరిగింది. తర్వాత సెక్రటరీగారు. వారం తిరిగేసరికి బిల్డింగు మొత్తానికీ డాక్టరు అదే మాట చెప్పాడు.

…నాకా?… నాకూ చెప్పాడు.

ఏ డాక్టరని అడక్కు… నవ్వకక్కా, మోకాళ్లు ఊడిపోతున్నాయి ఇక్కడ.

…ఆయనేం చేశాడనీ? మొన్న నా కూరగాయల సంచి పైదాకా మోసుకొచ్చిపెట్టాడు… లేదు, లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే థాంక్స్ చెప్పి… తలుపేసుకున్నా.

…తెలుసే, తప్పే. అందరూ నడుస్తుంటే నేనొక్కదాన్నే ఆయన పక్కన నిలబడితే, రేపు నా గురించి—

ఉండుండు. లిఫ్టు ఇక్కడే ఆగింది… ఆయనే.

ఆఁ, నమస్తేనండీ… అయ్యో, పర్లేదు. నన్ను డాక్టరు నడ…

…అక్కా. తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "మీరెక్కండి, నేను మెట్ల మీద వస్తా" అంటున్నాడు… ఆ, రోజూ ఇక్కడే ఆగి రొప్పుతానని ఆయనకి తెలుసు. ఎందుకు నడుస్తున్నానో కూడా తెలుసు. మొదట్నుంచీ తెలుసు.

…చెప్తున్నా, ఉండు.

ఏవండీ… మీరూ రండి. ఇద్దరం వెళ్దాం, బోలెడు చోటుంది… మొహమాటానికి కాదండీ, నిజంగానే.

…

విన్నావా?… నన్ను లోపలికెక్కించాడు. ఐదు నొక్కాడు. నొక్కి, "నన్నూ డాక్టరు నడవమన్నాడండీ" అన్నాడు.

…లేదు, వెటకారం లేదు. ఉన్నా బాగుండేది.

…మెట్లెక్కుతున్నాడు. నేనే ముందు చేరతా… అక్కా, ఆయన పైకొచ్చేసరికి మా తలుపు తీసి నిలబడనా? ఏ మొహం పెట్టుకుని… నువ్వే చెప్పు, నిలబడనా—

అక్కా?… హలో?… ఈ లిఫ్టు తలుపు పడితే సిగ్నలుండదు, ఖర్మ…