తొమ్మిది దిమ్మల డ్రమ్ము

వాయిద్యాలు బాగుచేసే కొట్టు. పని బల్ల మీద బ్యాండులో వాయించే పాత స్నేర్ డ్రమ్ము. దానికి అటు మామయ్య, ఇటు మేనకోడలు.

“అంత దూరం నుంచి చూస్తే ఏం తెలుస్తుంది మామయ్యా? చేతిలోకి తీసుకో.”

“చూశాగా. విదేశీ సరుకు. ఏ ఓడలోనో వచ్చుంటుంది. మీ నాన్న పాత సామాన్ల కొట్లో కొనుంటాడు.”

“విదేశీ అంటే ఏ దేశం?”

“ఏదో ఒక దేశం. ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి పట్టుకుని పరీక్షలు పెట్టకు. ఇక్కడ వదిలేసి వెళ్ళు, తీరిగ్గా చూస్తా.”

“తీరిక లేదు. సాయంత్రం బ్యాండు మాస్టరు గారు ఇంటికొస్తున్నారు.”

“మిల్లు బ్యాండు మాస్టరా? ఆయనకి మీ ఇంట్లో ఏం పని?”

“నేనే పిలిచా. నాన్న పోయి నెలయింది కదా, అటక సర్దుతుంటే దుప్పట్లో చుట్టి ఇది దొరికింది. అమ్మయితే చూడను కూడా చూడకుండా పొయ్యిలో పెట్టెయ్యమంది. బ్యాండులో తను వాయించే మిల్లు డ్రమ్ము దొంగిలించాడనే కదా నాన్నని ఉద్యోగంలోంచి తీసేసింది. ఇది అదేనా, కాదా? నాకు తెలియాలి.”

“కాదు.”

“అంత గట్టిగా ఎలా చెప్తున్నావు?”

“మిల్లుది ఒకటే చెక్కని మరలో గుండ్రంగా వంచింది. ఇది చూడు, సన్న సన్న పలకలు అతికించారు. చుట్టూ బోల్టులు బిగించే ఇత్తడి దిమ్మలు ఎన్నున్నాయి? తొమ్మిది. ఎదురెదురు బోల్టులు జంటగా బిగిస్తేనే చర్మం సమంగా సాగుతుంది. తొమ్మిదితో ఏ కంపెనీవాడూ చేయడు.”

“ఇందాక విదేశీ సరుకన్నావు.”

“విదేశంలో మాత్రం తెలివితక్కువవాళ్ళు ఉండరా?”

“నవ్వించకు మామయ్యా. పదో దిమ్మకీ చోటుంది, చూడు. పెన్సిలుతో గీత గీసి వదిలేశారు. ఆ గీత నాన్నదే. ఈ పలకలు మా పాత మంచానివి. చిన్నప్పుడు నేను మేకుతో గీసిన పిచ్చిగీతలు లోపల ఇంకా ఉన్నాయి.”

“ఇంకేం మరి? మీ నాన్న చేతిపని. దొంగసొత్తు కాదు. హాయిగా ఇంటికెళ్ళు.”

“నేనూ అలాగే మురిసిపోయా. నిన్న తుడుద్దామని దిమ్మలు విప్పేదాకా.”

“విప్పావా? ఎందుకు విప్పావు?”

“వెనక ఆకురాయి గాట్లున్నాయి. ఒకదానికి ఒకటి, ఇంకోదానికి రెండు, అలా తొమ్మిది దాకా. ఏది ఏ చోటిదో మారిపోకుండా నాన్న పెట్టుకునే గుర్తు. కుర్చీ విప్పినా కాళ్ళకి అలాగే పెట్టేవాడు.”

“గాట్లదేముంది, ఎవరైనా పెట్టుకుంటారు.”

“పక్కనే మిల్లు ముద్ర ఉంది మామయ్యా. అన్నిటికీ.”

“ముద్రా? సరిగ్గా చూశావా?”

“చెక్క మంచానిది, ఇత్తడి మిల్లుది. అంటే ఇన్నేళ్ళూ అమ్మ అన్నదే నిజం. అన్నం వడ్డిస్తూ కూడా ‘దొంగమొహం’ అనేది. ఆయన తల వంచుకుని తినేవాడు. నేనొక్కదాన్నే నాన్న అలాంటివాడు కాదని అందరితో పోట్లాడా. సాయంత్రం మాస్టరు గారి చేతిలో ఇది పెట్టి, మా నాన్నని క్షమించమని అడుగుతా.”

“అడగకు.”

“సిగ్గుతో చచ్చిపోతున్నా. అడక్కపోతే నాకు నిద్రపట్టదు.”

“అడగొద్దన్నాను కదా. మీ నాన్న తీయలేదు.”

“మరి ఇవెక్కడివి?”

“ఎవరో ఇచ్చుంటారు.”

“ఎవరు?”

“ఎవరో… నెలకొకటి చొప్పున…”

“నెలకొకటని నీకెలా తెలుసు?”

“ఊరికే, మాటవరసకి.”

“నీళ్ళు నమలకు. నా మొహం చూసి చెప్పు.”

“నేనే ఇచ్చాను.”

“నువ్వా? నీకెక్కడివి?”

“మీ నాన్న సాధన కోసం డ్రమ్ము ఇంటికి తెచ్చుకునేవాడు. ఓసారి మీరంతా పెళ్ళికెళ్ళారు, ఇంటి తాళం నా దగ్గరుంది. సొంత కొట్టు పెట్టాలన్న పిచ్చి నాకు. విడగొట్టి అమ్మేశా. ముద్ర చూసి ఇత్తడి ఎవరూ కొనలేదు.”

“ఈ కొట్టేనా?”

“ఈ కొట్టే.”

“నాన్నకి ఏం చెప్పి ఇచ్చావు?”

“తుక్కులో దొరికాయన్నా. ఉద్యోగం పోయి, మంచం కోసి డ్రమ్ము చేస్తుంటే చూడలేకపోయా. కొత్తది కొనుక్కో బావా అంటే, చేతులు ఆ డ్రమ్ముకే అలవాటు పడ్డాయిరా అన్నాడు. పదో దిమ్మ నేను విప్పేటప్పుడే విరిగింది. తొమ్మిదితో పలకదని మూట కట్టేశాడు.”

“ఆ గాట్లు ఆయన పెట్టినవే కదా. చేతిలో పడగానే తెలిసిపోయుండాలి.”

“మొదటిదానికే తెలిసింది. వెనక్కి తిప్పి, మిల్లు డ్రమ్ముకి తను పెట్టుకున్న గాటు చూశాడు. జేబులో వేసుకుని, ‘ఇంకోటి దొరికితే చెప్పరా’ అని వెళ్ళిపోయాడు.”

“దొంగవి నువ్వని తెలిసీ నోరు మెదపలేదా? ఆయన పోయినప్పుడు పాడె మోశావే, అప్పుడైనా చెప్పాలనిపించలేదా?”

“రోజూ అనిపిస్తుంది తల్లీ. ధైర్యం లేదు.”

“లే. కొట్టు మూసెయ్. సాయంత్రం మాస్టరు గారికి చెబుదువుగాని, ముందు అమ్మకి చెప్పు. ఆవిడ నాన్నని అన్న ప్రతి మాటకీ ఈ రోజు కుమిలి కుమిలి ఏడవాలి.”

“మాస్టరు గారికి చెప్తా, పద. అక్కకి కొత్తగా చెప్పేదేం లేదమ్మా. ఆ మొదటి దిమ్మ చూసిన రాత్రే, నా పేరు బయటికి రానివ్వనని మీ నాన్న చేత, నిద్రపోతున్న నీ తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నది అక్కే.”