మిషను చుట్టూ నాంచారమ్మ ముగ్గు

నాంచారమ్మ చీర కొంగుకి ఒక చివర తాళాలగుత్తి, ఇంకో చివర ముళ్ళు ఉండేవంట. తాళాలంటే తెలుసు గదా, బియ్యం గది తాళం, బీరువా తాళం, పచ్చళ్ళ అలమార తాళం. కాపరానికొచ్చిన కొత్తలో అత్తగారు చేతిలో పెట్టిన గుత్తి అది, ఆనాటి నుంచి ఇంకోరి చేతికి పోలా. మరి ముళ్ళెందుకంటే, వయసు మీదపడ్డాక మతిమరుపొచ్చేస్తదేమోనని ఆవిడకి మా చెడ్డ బెంగంట. పొయ్యి ఆపాలంటే ఒక ముడి, గేదెకి కుడితి పెట్టాలంటే ఒక ముడి. పని అయిపోగానే విప్పేసేది. నవ్వమాకండే, నేనూ వేసుకున్నా ఒకటి, ఇదిగో చూడండి, ఈ కథ మజ్జలో వదిలెయ్యకుండా చివరిదాకా చెప్పాలని.

ఆవిడ మొగుడు పున్నారావు. కాలవ నీటి సంఘానికి పెద్ద. ఎవరి చేనుకి ముందు నీళ్ళు పోవాలో, ఎవరి చేనుకి వెనక పోవాలో ఆయన చెప్పాల్సిందే. ఆయన మాటెంత బిరుసో పంచె అంత బిరుసు అనుకోండి. గంజి పెట్టిన పంచె ఫెళఫెళలాడితేనే గాని సోమవారం మీటింగుకి గడప దాటేవాడు కాదంట. కోడలు మల్లీశ్వరి, నోరు జోరే గానీ మనసు వెన్న. ఆ పిల్ల పోరగా పోరగా ఇంటికి బట్టలుతికే మిషనొచ్చింది. పెరటి వసారాలో పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆ తర్వాత కోడలు అత్తకి నేర్పింది. కుళాయి తిప్పాల, పైన సొరుగు లాగి సబ్బుపొడి వెయ్యాల, తలుపు టక్కుమనేట్టు మూయాల, మీట నొక్కాల, ఉతుకు అయ్యాక మళ్ళీ కుళాయి కట్టెయ్యాల. “అంతేనటే? నా చేతులు ఇన్నేళ్ళూ బండ మీద ఊరికే అరగ్గొట్టుకున్నానే!” అందంట నాంచారమ్మ. మావగారికి కూడా చెప్పింది కోడలు, ఇక మీదట గంజి పెట్టటాలు నా వల్ల కాదు మావయ్యా, మిషన్లోంచి ఎట్టొస్తే అట్టే కట్టుకోవాల అని. ఆయన ఊఁ అన్నాడంట. ఆ తర్వాత కూడా పంచె బిరుసుగానే ఉంటంటే ఇదేంటని అడిగారు. “టౌన్లో లాండ్రీకి ఇస్తన్నా” అన్నాడు. సరేలే, ఆయన సోకు ఆయనది అనుకున్నారు.

కొన్నాళ్ళు బాగానే తిరిగింది మిషను. అప్పుడు ఏమైందంటే, ఒక సోమవారం పొద్దున నాంచారమ్మ బట్టలేసి, వంటింట్లో దొండకాయలు తరుక్కుంటంటే, కాళ్ళ కిందికి చల్లగా పాకిందంట. చూస్తే వసారా అంతా నీళ్ళు! గోనెపట్టా వేసి, తుడిచి, పిండి, మళ్ళీ తుడిచి నడుం పడిపోయింది పాపం. మెకానిక్కుని పిలిపించారు. అతను కుళాయి దగ్గర గొట్టం విప్పి చూశాడు, లోపల రబ్బరు వాచరు అరిగిందని మార్చాడు, వెనకాల మురుగు నీళ్ళు పోయే గొట్టం బిగించాడు, తలుపు రబ్బరు తుడిచి చూశాడు. ఇంక చుక్క రాదు పిన్నిగారూ, వస్తే నన్నడగండి అని వెళ్ళాడంట. మంగళవారం నుంచి రోజూ ఒట్టి ఉతుకే, చుక్క రాలా. మళ్ళీ సోమవారం వచ్చిందా, వసారా కాలవైపోయింది. పున్నారావు గుమ్మంలో నిలబడి, “మెకానిక్కు చూసెళ్ళాడు గదా, మిషనుకేం రోగం లేదు. నువ్వే కుళాయి కట్టటం మర్చిపోతన్నావ్” అన్నాడు. కట్టానండీ అంది ఈవిడ. “కట్టానని అనుకుంటన్నావ్. మర్చిపోయినోళ్ళకి మర్చిపోయామని ఎట్టా తెలుస్తదే?” అన్నాడంట. చూడండమ్మా, ఎంత మాటో! దానికి జవాబు ఎవరు చెప్పగలరు? ఈవిడ గోనెపట్టా తీసుకుని మళ్ళీ తుడవటానికి వంగింది.

ఎదురు చెప్పకపోటానికి ఇంకోటి కూడా ఉంది, ఆవిడ ఎవరికీ చెప్పలా. అన్నం వార్చిన గంజి గేదె కుడితిలో కలపటానికని తపేలాలో పోసి పక్కన పెట్టేది. ఆదివారం సాయంత్రం చూస్తే తపేలా ఖాళీ. పోసేశానా? ఎప్పుడు పోశాను? కొట్టంలోకెళ్ళి చూస్తే, గేదె ఒట్టి తవుడు నీళ్ళు మూతితో నెట్టేసి, నా గంజేదే అన్నట్టు చూస్తందంట. పోయిన ఆదివారమూ ఇంతే. అయ్యో, నా బుర్ర పోతంది గావాలని లోపల లోపల కుమిలిపోయింది. ఇదుండగా పున్నారావు తీర్పు చెప్పేశాడు. మళ్ళీ సోమవారం వసారాలో నీళ్ళు కనపడ్డాయంటే తాళాలు కోడలి చేతికి ఇచ్చెయ్యాల, నువ్వు పొయ్యి దగ్గరికి కూడా పోకూడదు అని. “నాకొద్దు మావయ్యా ఆ తాళాలు, అత్తయ్య నడుముకుంటేనే అందం” అంది మల్లీశ్వరి. వినేవాడైతే గదా!

సోమవారం రానే వచ్చింది. నాంచారమ్మ పొద్దున్నే తలంటుకుని, కోడల్ని పిలిచి, “అమ్మాయ్, పక్కనే నిలబడు. నేను చేసేది నీ కళ్ళతో చూడు” అంది. వెనక గొట్టం సరిగ్గా ఉందని తడిమి ఒక ముడి. తలుపు టక్కుమన్నాక ఒక ముడి. కుళాయి కారట్లేదని చూసి ఒక ముడి. పెళ్ళిలో ఆయన వేసినవీ మూడే ముళ్ళు, ఈవిడ వేసినవీ మూడే! తర్వాత ఏం చేసిందనుకున్నారు? ముగ్గు పిండి తెచ్చి, పొడి నేల మీద మిషను చుట్టూతా ముగ్గేసింది. “ఇదేంటత్తయ్యా, దీనికి నోమా?” అంది కోడలు. “నోమూ లేదు నీ మొహమూ లేదు. నీళ్ళు ఏ మూల నుంచొస్తే ఆ మూల ముగ్గు ముందు చెరుగుద్ది. చూస్తా ఉండు” అంది. మీట నొక్కింది. ఇద్దరూ పీటలేసుకుని కూర్చున్నారు, సినిమాకొచ్చినట్టు. వెనకాల కుళాయి వైపు ముగ్గు అట్టాగే ఉంది. తలుపు కింద ముగ్గూ అట్టాగే ఉంది. ముందు వైపు ఎడం మూల మాత్రం ముగ్గు కరిగి పారిందంట! తలెత్తి చూస్తే, పైన సబ్బుపొడి సొరుగు అంచున బొటబొటా కారతంది. వేలితో తాకి చూసింది. జిగురు. వాసన చూసింది. ఆ వాసన ఆవిడకి తెలీకపోతే ఎవరికి తెలుస్తది? మిషను ఆపి సొరుగు లాగితే, అడుగున దిబ్బరొట్టె పెచ్చులాగా తెల్లగా గట్టిపడిపోయి, దాంట్లో రెండు మెతుకులు కూడా ఉన్నాయంట. నీళ్ళు లోపలికి దిగే కంతలన్నీ పూడిపోయాయి. లోపలికి దారి లేకపోతే నీళ్ళేం చేస్తాయి, సొరుగు పొర్లి ముందుకొచ్చేస్తాయి.

సరిగ్గా అప్పుడే పున్నారావు ఫెళఫెళలాడే పంచెతో మీటింగుకి బయల్దేరి, తడి నేల చూసి, “తే తాళాలు!” అన్నాడు. ఈవిడ తొణకలా. “ఇస్తానండీ. ముందు తమరు సంఘం పెద్దలు గదా, ఒక తగువు తీర్చండి. కాలవలో గుర్రపుడెక్క తెచ్చి అడ్డం పడేశాడు ఒకడు. ఇంకొకడు తెల్లారి తూము ఎత్తితే నీళ్ళు గట్టు పొర్లి రోడ్డెక్కాయి. తప్పెవరిది?” అంది. “అదేం అడుగు? అడ్డం పడేసినోడిదే! వాణ్ణి నలుగుర్లో నిలబెట్టాల” అన్నాడంట రొమ్ము విరిచి. ఆవిడ ఆ తెల్ల పెచ్చు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన పెచ్చు వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు, గోడ వంక చూశాడు. కోడలు ఊరుకుంటదా? లోపలికి పరిగెత్తి, ఆయన పరుపు కింద మడత పెట్టి దాచుకున్న రెండో పంచె తెచ్చి, విప్పి నేల మీద నిలబెట్టిందంట. నిలబడింది! లోపల మనిషి లేకుండానే నిలబడిందంట పంచె! “ఇదేనా మావయ్యా టౌన్లో లాండ్రీ?” అంది. అప్పుడు నసిగాడు, ఆదివారం మధ్యానం మీరు కునుకు తీసేటప్పుడు గంజి పోసి నా పంచెలు తిప్పుకుంటన్నానే, కొంచెమే, సొరుగు ఉంది గదా అందులోంచి పోదనుకోలేదు అని. ఆదివారం పోసింది రాత్రికి ఎండి సోమవారం అడ్డం పడటం, ఆ రోజు ఉతుకు నీళ్ళకే నాని మంగళవారానికి కొట్టుకుపోవటం, అదీ సంగతి. తిట్టుద్దనుకున్నాడు. ఆవిడేం చేసిందంటే, కళ్ళ నీళ్ళు పెట్టుకుని నవ్విందంట. “అయితే గంజి పారబోసింది నేను కాదన్నమాట! మల్లీ, నేనేం మర్చిపోలేదే! కుళాయీ మర్చిపోలా, గంజీ మర్చిపోలా!” అని కోడల్ని వాటేసుకుంది. తాళాలు గలగలలాడాయి.

సొరుగు ఊడదీసి, వేడినీళ్ళలో నానబెట్టి, పళ్ళు తోమే పాత బ్రష్షుతో కంతలన్నీ తోమింది పున్నారావే. ఆ రోజు మీటింగుకి ఆలస్యంగా పోయాడంట, మోకాళ్ళ దాకా తడిసిన పంచెతో. ఆ తర్వాత చుక్క నీళ్ళు రాలా. తాళాలు ఆవిడ నడుముకే ఉన్నాయి. గేదె మళ్ళీ కుడితి గోలెం నాకటం మొదలెట్టింది. ఆదివారం వచ్చిందంటే మాత్రం ఆయన వంటింటి గుమ్మం దగ్గర తచ్చాడేవాడంట, “ఏమేవ్, కాస్త గంజుంటే ఇవ్వవే, బక్కెట్లోనే ముంచుకుంటా” అని. ఆవిడ బుగ్గన చెయ్యేసుకుని, “అయ్యయ్యో, గేదెకి పోసేశానండీ! మీకని ఉంచటం మర్చిపోయా. ముసలిదాన్ని గదా” అనేదంట. ఇప్పుడాయన పంచె వడిలిన తోటకూర కాడలాగా వేలాడతా ఉంటది.

నిజంగా మర్చిపోయేదా, కావాలని మర్చిపోయేదా, అది నన్నడగమాకండి. ఇదిగో, నా ముడి విప్పేస్తన్నా, కథ మొత్తం వచ్చేసింది. ఎక్కడన్నా ఒక ముక్క వదిలేశానా? వదిలేస్తే మీరే కలుపుకోండమ్మా. వదిలేశానని మాత్రం మా ఆయన చెవిన వెయ్యమాకండి.