గిర్నీ ఆగలేదు

మందమర్రిలో నిరంజన్ చెక్కడం దుకాణం. షట్టరు లోపలి నుంచి దించి ఉంది. మెయిన్ తీసేయడంతో ఫ్యాను తిరగడం లేదు, లైటు లేదు. పైకప్పు కింది కిటికీలోంచి పడుతున్న మధ్యాహ్నపు ఎండే వెలుతురు. బల్ల చివర, చెక్కలు బిగించే శికంజ దవడల మధ్య ఓదెలు ఎడమ చెయ్యి ఇరుక్కుని ఉంది. మెయిన్ స్విచ్చి పక్కన అతని వదిన, నిరంజన్ భార్య మహేశ్వరి నిలబడి ఉంది.

"వదినె, ఇగ చాలు. శికంజ విప్పు. చెయ్యి తిమ్మిరెక్కింది."

"గుంజకు ఓదెలు. గుంజితే తోలు ఊడుతది."

"పలక జారుతుంది, జర పట్టుకో అంటివి. పట్టుకున్న. పలకతోని నా చెయ్యి గూడ బిగిస్తవా? మర తిప్పే రాడ్డు యేడ వెట్టినవ్?"

"నా కొంగుల ఉన్నది. ముందుగాల గా మిషిన్ జూడు."

"గ్రైండరేగద. దాన్ని తీగెతోని బల్లకెందుకు కట్టినవ్?"

"ఎగరకుండ. ఏం బ్లేడు వెట్టిన్నో జూసినవా?"

"పళ్ల బ్లేడు... వదినె, గది నా వేళ్ల ముంగట్నే ఉన్నది."

"మీ అన్న తలుపుల మీద సింహం జూలు దీసే బ్లేడు. టేకును వెన్న లెక్క కోస్తది. బటన్ జూడు. ముందుకు నూకి ఉన్నదా?"

"ఉన్నది."

"ప్లగ్గు బోర్డుల ఉన్నది. మెయిన్ ఒక్కటి తీసి ఉన్నది. మెయిన్ మీద నా చెయ్యి ఉన్నది. సమజైందా?"

"నీకేమన్న పిచ్చి లేసిందా?"

"మీ అన్నకు గిట్లనే అయిందిగద. కరెంటు వోయిందని కూసోని బ్లేడు మార్చబోయిండు. కరెంటు లేదంటే మీ చెక్కుడోళ్లు ఒక్కలు గూడ ప్లగ్గు పీకరు. గది మీ అందరికున్న పాడు అలవాటు. గా అలవాటు తెలిసినోడే ఎవడో బటన్ నూకి పెట్టిండు. కరెంటొచ్చింది. కుడిచేతి వేళ్లు పోయినయి."

"గది యాక్సిడెంటు వదినె. అందరు గదే—"

"నేను గూడ గదే అనుకున్న. నిన్నటిదాక."

"నిన్న ఏమైంది?"

"జొన్నలు పట్టియ్య గిర్నికి వోయిన. గిర్ని సక్కుబాయి నన్ను జూసి ఏడ్సింది. గోడ అవతల్నే ఉండి గూడ మీ ఆయన మొత్తుకునుడు ఇనవడలే పిల్లా, గిర్ని చప్పుడుల నాకేం ఇనవడలే అన్నది."

"అయితే?"

"అయితేనా? గిర్ని నడుస్తుంటే కరెంటు వోయిందెట్ల ఓదెలు? ఆమెది మాది ఒక్క స్తంభం. గా దినం కరెంటు పోలే. ఎవడో మా మెయిన్ దించిండు. మళ్ల ఎత్తిండు."

"సక్కుబాయికి యాదికుందో లేదో."

"ఉన్నది. మంచిగున్నది. మామ బొగ్గుబాయిల అన్‌ఫిట్ అయిండు. నౌకరి పెద్దకొడుకు పేరు మీదికొచ్చింది. పెద్దకొడుక్కు చెయ్యి లేకపోతే మెడికల్ల తీసేస్తరు. తీసేసిండ్రు. ఇగ చిన్నకొడుకు వంతు. సోమవారం నీ మెడికల్. ఏం చెయ్యి వట్టుకొని పోతవో జూస్త."

"వదినె, నీ కాల్మొక్కుత. మెయిన్ మీదికెళ్లి చెయ్యి తియ్యి."

"మీ అన్న పొద్దుందాక ఎడమ చేత్తోని ఉలి వట్ట నేర్చుకుంటుండు. గాటు వంకర పోతది. మళ్ల వెడతడు, మళ్ల వంకర. నేను జూస్తున్ననని పని లేనట్టు సానరాయి రుద్దుతడు. గది జూసుకుంట నేను అన్నం ఎట్ల తింటున్ననో నీకు తెల్వది. పేరు జెప్పు."

"చెప్తే ఇడిసిపెడుతవా?"

"చెప్పు."

"అంజన్న."

"ఏ అంజన్న? రథాలు చెక్కే అంజన్ననా?"

"ఆయినెనే. గుడి రథం పని అన్నకు పోయిందని మంట. మెయిన్ దించి ఎత్తుమని నాకు జెప్పిండు. వేళ్లు పోతయని నాకు తెల్వదు వదినె, బెదిరిద్దమన్నడు, గంతే."

"అంజన్న గా దినం ఉట్నూర్ల ఉండె. దవఖానల కెళ్లి నేనే ఫోన్ జేసిన. జీపు దొరకపట్టుకొని వచ్చి, బూట్లు గూడ ఇడువకుంట పండి రక్తమిచ్చిండు. మీ అన్న ఒంట్ల ఉన్నది ఆయిన రక్తం. గాయిన పేరు దీస్తవా? ఎత్తుతున్న."

"ఆగు. ఆగు వదినె. నేనే. మెయిన్ దించింది నేనే, ఎత్తింది నేనే."

"బటన్?"

"బటన్ నేను నూకలే. అవ్వ తోడు, నేను బటన్ ముట్టలే."

"మరెవలు?"

"ఒట్టు వేయిచ్చుకుండు. చెప్పొద్దని."

"వేయిచ్చుకుండా? అంటే మొగోడు. నువ్వు మాట ఇచ్చేటంత దగ్గరోడు. ఎవడు వాడు?"

షట్టరు మీద దబదబా చప్పుడయింది. పొద్దున మహేశ్వరి తన అత్త సత్తవ్వకు ఒకే మాట చెప్పి వచ్చింది: నీ కొడుకు చెయ్యి తీసినవాడి పేరు ఇవాళ చెబుతాను, దుకాణం దగ్గరికి రా అని. సత్తవ్వ ఒంటరిగా రాలేదు. కాలనీలో సగం మందిని వెంటేసుకుని వచ్చింది.

"మహేశ్వరీ, దొరికిండానే వాడు?"

"దొరికిండు అత్తా. జర నిలవడు. పేరు రానియ్యి."

"వదినె, అవ్వకు ఎందుకు జెప్పినవ్?"

"కన్నది గదా. ఆమెకు లేదా కసి? పేరు తెలిసినంక షట్టరు లేపుత. మిగిలింది వాళ్లు జూసుకుంటరు. చెప్పు ఓదెలు. నా చెయ్యి గుంజుతుంది."

"అన్ననే."

"ఏ అన్న?"

"మా అన్న. నీ మొగడు. బటన్ నూకింది నిరంజనన్ననే."

"ముందు అంజన్న అంటివి. గిప్పుడు చెయ్యి వోయినోని మీదికే తోస్తవా? సిగ్గు శరం ఉన్నదా నీకు?"

"ఆటో యాదికి తెచ్చుకో వదినె."

"ఏ ఆటో?"

"నువ్వు ఉరికొచ్చేవరకే గడప ముంగట ఆటో ఉండె. ఉండెనా లేదా?"

"ఉండె. దేవుడు వంపిండనుకున్న. గా ఆటోకు కొబ్బరికాయ గొట్టిన."

"దేవుడు వంపలే. అన్న పిలిపిచ్చిండు. నన్ను లోపలికి తోలుకపోకముందే పిలిపిచ్చి నిలవెట్టిండు. కట్టు గట్ట కొత్త గుడ్డ గూడ కొని తెచ్చి బల్ల మీద వెట్టుకుండు. నీ కంట వడలేదా గా గుడ్డ?"

"వడ్డది. తెల్లగుండె."

"ఎడమచేతి చిటికెన వేలు. గదొక్కటే పోతే చాలనుకుండు. ఒక్క వేలు లేకున్న బాయిలకు తీసుకోరని ఎవలో జెప్పిండ్రట. చిటికెన వేలు లేకుంట ఉలి వట్టొచ్చు, సుత్తె కొట్టొచ్చు, గ్రైండర్ నడపొచ్చు, అన్ని ఆలోచన జేసి పెట్టుకున్న అన్నడు."

"తాను కోసుకోవద్దా మరి? నిన్నెందుకు పిలిచిండు?"

"మిషిన్ నడుస్తుంటే వేలు వెట్ట ధైర్యం రాలే. వెట్టుడు, తీసుడు. చెమటలు గారినయి. ఇగ నన్ను పిలిచి, నువ్వు మెయిన్ దించురా అన్నడు. నేను బటన్ నూకి, వేలు వెట్టి, కండ్లు మూసుకుంట. నాకు జెప్పకుంట ఎత్తు, గిప్పుడా గిప్పుడా అని నన్ను అడగకు అన్నడు. నువ్వు నిలవడ్డ కాడనే నేను నిలవడ్డ."

"ఎత్తినవ్."

"ఎత్తిన. మిషిన్ కట్టెయ్యలే మేము. ఎగిరింది. అన్న కుడి చేత్తోని దాన్ని అందుకోబోయిండు. ఎగిరిన మిషిన్ను వట్టుకోవద్దు, పడనియ్యి, ఇరిగితే ఇరుగనియ్యి అని నాకు నేర్పిందే ఆయిన. గదే వట్టుకుండు. చిటికెన వేలు ఇప్పటికీ మంచిగనే ఉన్నదిగద. ఎడమ చెయ్యి జూడు ఇంటికి వోయి. కొస మీద ఒక్క గీత వడ్డది, గంతే."

"జూసిన. ఏంది గీ గీత అంటే, ఎన్నడో ఉలి తాకిందన్నడు."

"ఇగ విప్పు వదినె."

"బాయికి పోనంటే అయిపోతుండె. నోరు లేదా మనిషికి?"

"చెప్పిండుగద."

"ఎన్నడు జెప్పిండు?"

"పోచమ్మ బోనాల నాడు జెప్పిండు. నువ్వు పిల్లను సంకనేసుకొని లక్సెట్టిపేటకు, మీ అవ్వగారింటికి వోయినవ్. తోలుకొచ్చినంక మళ్ల జెప్పిండు. చీకట్ల పని నాతోని కాదు, నాకు చెక్క వాసన గావాలె అన్నడు. అప్పుడు నువ్వేం జేసినవ్?"

"ఏం జేసిన?"

"నన్ను జెప్పమంటవా?"

"నువ్వే జెప్పు. నువ్వు జూసినవా?"

"నేను గడపల్నే ఉంటి. ఆయిన ఉలులన్ని తెచ్చి, పిడులు ఊడగొట్టి పొయ్యిల వెట్టినవ్. తాత చేత్తోని జేసిన చింతపిడులు. అరిగి అరిగి నున్నగైనయి. గా మంట మీదనే చాయ్ గాసి అన్నకిచ్చినవ్."

"తాగిండు."

"తాగిండు. గిలాస కింద వెట్టి, సరే నౌకరికి సంతకం జేస్త అన్నడు. మర్నాడు నన్ను పిలిచిండు."

"పిల్ల కోసం జేసిన ఓదెలు. కంపెనీ క్వార్టరు, కంపెనీ దవఖాన. నెల నెల జీతం. చెక్క గీక్కుంట బతుకుడు బతుకా అనుకున్న."

"అన్నకు తెలుసు గది. అందుకే నిన్ను ఒక్క మాట అననియ్యలే. మహేశ్వరికి తెలిస్తే బతుకదురా అని ఒట్టు వేయిచ్చుకుండు."

"నువ్వెందుకు ఒప్పుకున్నవ్? అన్న మీద ప్రేమతోనా, నౌకరి నీకొస్తదనా?"

"రెండు. అబద్ధం ఆడ. రెండు."

మహేశ్వరి మెయిన్ మీది నుంచి చెయ్యి తీసింది. ముందు ప్లగ్గు పీకింది. తర్వాత కొంగులోంచి రాడ్డు తీసి శికంజ విప్పింది. బయట సత్తవ్వ మళ్లీ షట్టరు బాదుతోంది. ఓదెలు చెయ్యి ఒళ్లో పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. అతని వేళ్ల మీద దవడల అచ్చు ఎర్రగా పడింది గానీ తోలు తెగలేదు.

"వదినె, యాక్సిడెంటు అని జెప్పు. నువ్వు జెప్తే నమ్ముతరు."

"నిన్నటిదాక అయితే జెప్పేదాన్ని."

"అట్లయితే నా పేరు జెప్పు. మెయిన్ ఎత్తింది నేనేగద. అవ్వ కొడితే దెబ్బలు తింట. అన్న మాట మాత్రం బయటికి రానియ్యకు."

"మీ ఇంట్ల మొగోళ్లకు నన్ను కాపాడుడు తప్ప వేరే పని లేదా? లే. షట్టరు వట్టు."

"వద్దు వదినె."

"వట్టు అంటున్న."

షట్టరు పైకి లేచింది. ఎండ ఒక్కసారిగా లోపలికి పడింది. ముందు వరసలో సత్తవ్వ, ఆమె వెనక గిర్నీ సక్కుబాయి, కాలనీ వాళ్లు.

"ఓదెలు? నువ్వేందిరా లోపల? వాడు యేడి? మహేశ్వరీ, వాడు యేడే?"

"ఈడనే ఉన్నరు అత్తా."

"నా కొడుకు అన్నం ముద్ద ఎత్తలేకుంట జేసినోడు ఈడనే ఉన్నడా? పేరు జెప్పు. నాకొక్కదానికి గాదు, గీ జనమంత ఇనేటట్టు జెప్పు."

"చెప్త. మెయిన్ నీ చిన్నకొడుకు ఎత్తిండు. బటన్ నీ పెద్దకొడుకే నూకుకుండు. ఇద్దరిని ఏమనకు. వాళ్లతోని జేయిచ్చినోళ్లు వేరే ఉన్నరు."

"ఎవలే? ఎవలు?"

"మహేశ్వరి."