శ్రీ ఎమెట్ హాలర్సన్ గారు సంచి సర్దుకున్న ఆట

శ్రీ ఎమెట్ హాలర్సన్ గారు రెండువేల తొమ్మిదో సంవత్సరం జూన్ పదిహేనవ తేదీన, నెబ్రాస్కాలోని ఒక ధాన్యపు గిడ్డంగి గుమ్మంలో, చేతుల మీది మొక్కజొన్న దుమ్ము దులుపుకుని చేసిన సంతకంతో మన బేస్‌బాల్ క్లబ్బు సేవలో ప్రవేశించారు. నేడు పదవీ విరమణ చేస్తున్నారు. ఈ శుభసందర్భాన వారిని అభినందించాలో ఓదార్చాలో నాకు ఇప్పటికీ అంతుపట్టడం లేదు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని గురించి, తలలో ఒక్క నెరిసిన వెంట్రుకైనా లేని మనిషిని గురించి, ‘శేషజీవితం’ అని ఏ చేత్తో రాయను? గంభీరమైన భాషలో రాయమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం వారి ఆదేశం. నేనేమో ఇన్నేళ్లుగా వారి బంతులు పట్టిన క్యాచర్‌ని. ముసుగు వెనక గొంతుక్కూర్చుని వేళ్లతో సైగలు చేయడమే నా పాండిత్యం.

వారి క్రీడాజీవితం ఆదివారపు ఆటలతో ఆరంభమైంది. గిడ్డంగి పనివారూ చుట్టుపక్కల రైతులూ కలిసి ఆడే జట్టులో, జీతం బత్తెం లేకుండా, ఆట ముగిశాక చర్చి ఆవరణలో పెట్టే భోజనమే పారితోషికంగా భావించి బంతి విసిరేవారు. మన క్లబ్బు ప్రతినిధి ఆ ఊరు వచ్చింది వీరికోసం కాదు, ఎదుటి జట్టులోని ఒక బ్యాటర్ కోసం. ఆ బ్యాటర్ వీరి బంతిని ఒక్కసారైనా తాకలేకపోయేసరికి, తాను వచ్చింది ఎవరికోసమో ఆ ప్రతినిధికే తికమక పుట్టింది.

తదుపరి ఆరేళ్లు చిన్న లీగుల్లో గడిచాయి. రాత్రంతా సాగే బస్సు ప్రయాణాలు, వేరుశనగ ముద్ద రాసిన రొట్టెలు, తడి ఆరని దుస్తులు. మా స్నేహం ఆ బస్సుల్లోనే కుదిరింది. అక్కడ ఏ ఆటగాణ్ణయినా తీసేయబోతున్నారని తెలిస్తే తోటివారు ముందుగా అతని ముఖం చూడడం మానేస్తారు, తరువాత మాట మానేస్తారు. ఆ నిశ్శబ్దమంటే హాలర్సన్ గారికి ప్రాణభయం.

రెండువేల పదిహేను మే నెలలో వారూ నేనూ ఒకేసారి అన్నిటికన్నా పైదైన మేజర్ లీగుకు చేరాం. వారి ధర్మపత్ని జోనెల్ గారు ఆరునెలల గర్భిణి. స్టేడియం దగ్గర ఒక చిన్న వాటా అద్దెకు తీసుకున్నారు. జూలై ఆఖరి రోజున, క్లబ్బుల మధ్య ఆటగాళ్ల మార్పిడికి గడువు ముగిసే రోజున, మధ్యాహ్నపు ఆటకు బంతి విసిరే పిచర్ వీరే. కొత్త పిచర్‌ను మన క్లబ్బు వదులుకోబోతోందని, ఆయనను తీసుకునేవారు మళ్లీ చిన్న లీగుకే పంపుతారని పొద్దుటి పత్రికలో వార్త పడింది.

మా ఆటలో ఒక కట్టుబాటుంది. పిచర్ ఎదుటి జట్టుకు ఒక్క హిట్టు కూడా ఇవ్వకుండా, అంటే ఏ బ్యాటరూ తన దెబ్బతో మొదటి స్థావరం చేరకుండా, ఆటను నడుపుకొస్తుంటే ఎవరూ ఆ ఊసెత్తరు. ఆయన పక్కన కూర్చోరు, పలకరించరు. దిష్టి తగులుతుందని భయం. ఆనాడు మూడో ఇన్నింగ్స్‌లో మన ఫీల్డరు చేతిలోంచి జారిన బంతిని బోర్డు మీద మొదట హిట్టుగా చూపించి, పిమ్మట ఫీల్డరు పొరపాటుగా మార్చారు. తలమీద తువ్వాలు కప్పుకుని కూర్చునే అలవాటున్న హాలర్సన్ గారు ఆ మార్పు చూడలేదు. తాము హిట్టు ఇచ్చేశామనే అనుకున్నారు.

ఏడో ఇన్నింగ్స్ ముగించి వచ్చి బెంచీ మీద కూర్చోగానే బెంచీ ఖాళీ అయింది.

“హోయ్ట్, ఏంట్రా ఇది? శవం పక్కనించి లేచినట్టు లేచిపోతున్నారు?”

హోయ్ట్ అంటే నేనే. మోకాలి పట్టీలు బిగించుకుంటున్నట్టు నటించాను.

“పేపరోడు రాసింది నిజమేనన్నమాట. మళ్లీ బస్సులేనా? జోనెల్‌కి ఏం చెప్పనురా? నిన్ననే పాపకి ఉయ్యాల బిగించాం.”

నా నాలుక దురద పెట్టింది. చెప్పేస్తే తరవాతి బంతికే హిట్టు పడుతుందేమో, చెప్పకపోతే ఈయన గుండె ఆగుతుందేమో! నేను రెండో కాలి పట్టీ అందుకున్నాను. వారు మేనేజరు మెర్ల్ పికెన్స్ గారి దగ్గరికే వెళ్లారు. “సార్, ఉన్నమాట చెప్పేయండి. నేను వెళ్లిపోవాలా?”

పికెన్స్ గారు మబ్బు తునక లేని ఆకాశంలోకి చూసి, “వాన పడేట్టుందే,” అనేసి అవతలికి నడిచారు.

ఎనిమిదో ఇన్నింగ్స్ కాగానే హాలర్సన్ గారు లోపలికి వెళ్లారు. బట్టల సంచి సర్దుకుని, అలమర మీది తమ పేరు పలక ఊడదీసి సంచిపైన పెట్టుకుని, తెచ్చి మైదానంలోకి దిగే మెట్ల దగ్గర ఉంచి, ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కు మైదానంలోకి దిగారు. అంత వేగంగా వారు అంతకు ముందూ విసరలేదు, ఆ తరువాతా విసరలేదు. చివరి బ్యాటర్ అవుటు కాగానే నేను పరుగెత్తి మీదికి దూకాను. వారు నన్ను నెమ్మదిగా కావలించుకుని వీపు నిమిరారు.

“సరేలేరా, ఏడవకు. ఏ ఊరు?”

“ఏ ఊరేంట్రా పిచ్చోడా! ఒక్క హిట్టు లేదు!”

“మూడో ఇన్నింగ్స్‌లో ఒకటిచ్చాగా?”

“అది పొరపాటు కింద మార్చేశార్రా!”

“అయితే నన్ను పంపట్లేదా?”

“ఎవరు పంపుతార్రా నిన్ను!”

స్టేడియమంతా లేచి నిలబడి కరతాళధ్వనులు చేస్తుండగా వారు అక్కడే నేలమీద చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ ఏడుపు ఆనందమో, దిగిపోయిన భయమో ఇన్నేళ్లయినా నాకు తెలియదు.

అటుపిమ్మట పదేళ్లపాటు వారు మన క్లబ్బు గౌరవాన్ని భుజాన మోశారు. ఆ భుజానికి రెండుసార్లు శస్త్రచికిత్స జరిగింది, మూడోసారి వైద్యులు చేతులెత్తేశారు. విరమణ ప్రకటన వెలువడిన నాటినుంచి మన ఆటగాళ్ల గదిలో ఎవరూ వారితో సరిగా మాట్లాడడం లేదు. నిన్న నన్ను మూలకు లాగి అడిగారు.

“ఒరేయ్, ఇది ఏ నిశ్శబ్దంరా? మంచిదా, చెడ్డదా?”

“నాకూ తెలీదురా. నోరు తెరిస్తే ఏడుపొస్తోంది అందరికీ.”

“మరి ఏ ఊరు?”

“ఇంటికేరా.”

వారు తలూపి, పేరు పలక తామే ఊడదీసుకున్నారు.

హాలర్సన్ గారు నిండు ఆరోగ్యంతో, ఆ భుజం మనవలను ఎత్తుకునేంత కాలం దీర్ఘాయుష్మంతులై వర్ధిల్లాలని మన క్లబ్బు తరఫున మనసారా కోరుకుంటున్నాను. జోనెల్ గారికి ఒక విన్నపం. ఇంట్లో ఆయనతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండండి. కోపమొస్తే తిట్టండి, ఫరవాలేదు. ఒక్క పూట మౌనంగా ఉన్నారంటే మాత్రం, ఆయన సంచి సర్దుకుని మెట్ల మీద కూర్చుంటారు.