శుక్రారం నీళ్లు

ఆ సీసాలు కింద పెట్టండి సార్, మీకు దండం పెడతా! శుక్రారం నీళ్లంట, శుక్రారం నీళ్లు! ఎమ్మిగనూరంతా ఇదే మాట. పక్క రంగుల షెడ్డు ఉరుకుందన్న పోయిన వారం ఒక సెంబు పట్టుకోని పోయి మోకాళ్లకు పూసుకున్నాడు. మోకాళ్లు నల్లగైనాయి, నొప్పి మాత్రం ఆడే ఉండాది.

కూసోండి. ఈడ, ఈ పీట మీద. నూలుకు రంగేసే కాగు అది, ఆనుకోవద్దండి, కాలుతాది. మీరు కర్నూలు నుంచి వస్తాండారని తెలిసినప్పట్నుంచి నాకు ముద్ద దిగలేదు సార్.

మొన్న వచ్చినప్పుడు మీరేమంటిరి? మా పాప గౌరి మీరిచ్చిన ఆ గాజు తీగను రంగు కాగులో దించి, నీళ్లల్లో వేడి ఎట్ల పాకుతాదో లెక్క తీసింది. తీగ లోపల ఎలుతురు పోతాదంట, వేడి తగిలితే ఆ ఎలుతురు మారుతాదంట. బాగుండాది. అన్ని దినాలూ వేడి బిరబిరా పోతాది, శుక్రారం మాత్రం నిదానంగా నడుస్తాది, ఇది లోకంలో ఎవురూ కనిపెట్టలేదు అంటిరి. ఆదోని నుంచి పేపరోళ్లు వస్తారంటిరి. "ఇట్లాంటి పిల్ల మా కాలేజీలో లేదమ్మా" అంటిరి.

ఆ మాటకు నేను ఏడిస్తి గదా, సంతోసం అనుకున్నారా? సగం సంతోసమే సార్. మిగతా సగం భయం.

నవ్వొద్దు మరి. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండాది. శుక్రారం పొద్దున కాగుకు బొట్టు పెట్టి, మెడకు పసుపు దారం కట్టనిదే పొయ్యి అంటియ్యం. మా అత్త కట్టింది, నేను కడతాండా. ఇప్పుడు మీ తీగ వచ్చె. వెంట్రుకంత ఉండాది! "ఇది ఇరిగితే నా సదువు ఆడికే ఆగిపోతాది మా" అని పాప కండ్లనీళ్లు పెట్టుకుండె. కన్నతల్లిని, ఊరికే సూస్తా ఉంటానా? పాతామె కాగుకు దారం కట్టి, కొత్తగా వచ్చిన కోడలు తీగకు కట్టకుంటే బాగుంటాదా?

కట్టినా సార్. తీగ కొనకు. ఒక సుట్టు కాదు, మందంగా, పసుపు ముద్ద మెత్తి మరీ. నూలుకు మాకేం కరువు?

పాపకు యాడ తెలుస్తాది! ఆయమ్మ ఆ మూలన కంప్యూటరు ముందర కూసుంటాది. తీగ దించేది నేను, తీసేది నేను. నల్ల రంగులో ఏం కనపడతాది? శనివారం పొద్దున్నే ఇప్పి పారేస్తా. సెప్తే "ఏం మూఢనమ్మకం మా" అని తిడ్తాదని సెప్పలేదు.

మొన్న మీరు ఆ గీతలు సూపిచ్చి శుక్రారం, శుక్రారం అంటాంటే నాకు అప్పుడు తట్టె. దుప్పటి కప్పుకున్నోనికి ఎండ నిదానంగానే గదా తగిలేది!

ఏంది సార్, అట్ల సూస్తారు? నీళ్లన్నా తాగండి. ఈ కాగువి కాదు, కుండలోవి!

తిట్టండి, నన్ను తిట్టండి. మార్కులు కోసేదుంటే నావి కోయండి. పాపవి ముట్టుకోవద్దండి, దానికేం తెలీదు. ఎండనక పొగనక ఈ కాగు పక్కనే కూసోని నల్లగైపోయింది బిడ్డ.

ఏందీ? పాప లెక్క ఢిల్లీకి పంపేసినారా? పెద్దపెద్దోళ్లు సదివి మెచ్చుకున్నారా? వాళ్లు గూడా శుక్రారం సేసి సూస్తాండారా?

అయ్యో దేవుడా! వాళ్లకు ఈ లెక్క తేలదు గదా సార్!

ఉండండి, ఉండండి. తల పట్టుకోవద్దండి. ఆ ఢిల్లీవాళ్ల అడ్రసు ఇయ్యండి. తలా ఒక పసుపు దారం పంపిస్తా. నేను కట్టినట్లే మందంగా కట్టి, పసుపు మెత్తి, తీగ దించమని సెప్పండి. అప్పుడు గూడా మా పాప లెక్క తప్పయితే నన్ను అడగమనండి.