పోయినసారి వచ్చిన జవాబు

ముందుగా ఒక ముఖ్య ప్రకటన. జూకి విచ్చేసిన సందర్శకులందరికీ తెలియజేయునది ఏమనగా, ఈ ఉదయం పది గంటల ఇరవై ఐదు నిమిషాలకు డాక్టర్ మేడమ్ గారి టీ ఫ్లాస్కు మూత అదృశ్యమైనది. రంగు ఎరుపు. ఎత్తు నాలుగు వేళ్ళు. చివరిసారి చూసినప్పుడు ఫ్లాస్కు మీదనే ఉన్నది. ఆచూకీ తెలిసినవారు చిరుతల షెడ్డు వద్ద సంప్రదించగలరు.

ఇది నిన్న నేను చేతిమైకులో అన్న మాట. ఒక్క ముక్క వదలకుండా మొదటి నుంచీ చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. మొదటి ముక్క ఇదే.

పేరు మీరు పైన రాసుకున్నారు. ఆ పేరు పెట్టి పిలిస్తే నేను పలకను, అలవాటు పోయింది. అందరూ మైకు అంటారు. వయసు నలభై ఎనిమిది, నిన్నటితో నిండింది. చదువు ఆరో తరగతి, అదీ సగమే. జూలో చిరుతల షెడ్డు హెల్పర్ని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. గేట్లు తీయడం, గేట్లు వేయడం, మాంసం బకెట్లు మోయడం, తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చదవడం నా పని. గేట్లు వేయడం అన్నాను కదా, అది రాశారా? సరే.

నాకు భయంగా ఉంది సార్. భయమేస్తే నాకు జోకులొస్తాయి. చిన్నప్పుడు మా నాన్న బెల్టు తీస్తే నవ్వేవాణ్ణి, దానికి ఇంకో రెండు పడేవి. కాబట్టి మధ్యలో నవ్వితే కొవ్వెక్కి నవ్వానని అనుకోవద్దు.

మా అక్క నిన్న సాయంత్రం మేడమ్ మీద ఫిర్యాదు ఇచ్చింది. మా బావ, అంటే అక్క భర్త, అదే షెడ్డులో హెడ్ కీపరు. ఆయన కుడిచెయ్యి మోచేతి కింద ఉంచుతారో తీసేస్తారో రేపటికి గానీ చెప్పలేం అన్నారు. షెడ్డులో ఉన్నది ముగ్గురం. బావ ఆసుపత్రిలో ఉన్నాడు. మేడమ్ బయట మీ స్టేషన్ బెంచీ మీద ఉంది, చీర మీద రక్తం ఇంకా అలాగే ఉంది. మిగిలింది నేను. నా మాటను బట్టే ఆవిడ మీద కేసు కడతామని మీరు అన్నారు.

విషయం ఇదీ. మా దగ్గర ఒక ఆడ చిరుత ఉంది, మేం పెద్దమ్మాయి అంటాం. దాని కింది కోరపన్ను పుచ్చింది. మత్తిచ్చి పన్ను తీయాలి. నిన్న ఆ పక్క సందర్శకులను రానివ్వలేదు. నా ప్రకటన విన్నది బావా మేడమే.

పది గంటల ఐదు నిమిషాలకు దాని పెట్టెను నేనూ బావా కాటా మీదికి తోశాం. పెట్టె అంటే చక్రాల బోను. కాటా 171 కేజీలు చూపించింది. ఖాళీ పెట్టె 109, గోడ మీద సుద్దతో రాసి ఉంటుంది. మేడమ్ తన క్యాలిక్యులేటర్లో తీసివేత కొట్టింది. 62 వచ్చింది. బావ రిజిస్టర్లో 62 రాశాడు.

ఆ క్యాలిక్యులేటర్ ఇప్పుడు మీ టేబుల్ మీద ఉంది. మామూలుది కాదు. ఇటుకంత ఉంటుంది, సగం స్క్రీనే. గీతలు గీస్తుంది. మత్తు ఒంట్లో ఎలా ఎక్కి ఎలా దిగుతుందో కొండ బొమ్మలాగా చూపిస్తుంది. "గీత ఇక్కడికి దిగేలోపు మనం గేటు బయట ఉండాలి" అని మేడమ్ వేలు పెట్టి చూపించేది.

మేడమ్‌కి ఒక పద్ధతి ఉంది. వచ్చిన అంకెను మళ్ళీ చేత్తో కొట్టదు. ఆవిడ చదువుకునే రోజుల్లో తోటి కుర్ర డాక్టరు 26కి బదులు 62 కొట్టాడట. ఆ జింక మళ్ళీ లేవలేదట. "తప్పులన్నీ మళ్ళీ కొట్టడంలోనే పుడతాయి మైకూ" అనేది. అందుకని వచ్చిన జవాబు మీదే తర్వాతి లెక్క కట్టుకుంటూ పోతుంది. దానికి ఒక బటన్ ఉంది. పోయిన నెల నేనే అడిగాను.

"ఈ బటన్ దేనికి మేడమ్?"

"పోయినసారి వచ్చిన జవాబును గుర్తుపెట్టుకుంటుంది. కొత్త లెక్కలో దాన్నే తెచ్చి వేస్తుంది."

"మా ఆవిడకీ ఉంది మేడమ్ ఈ బటను. పోయిన దెబ్బలాటలో నేనిచ్చిన జవాబు ఈ దెబ్బలాటలో తెచ్చి వేస్తుంది."

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరేయ్, మా చెల్లెమ్మ వింటే నీకు మందు లేకుండానే మత్తెక్కిస్తుంది" అన్నాడు.

ఈ ముక్క మీకు అక్కర్లేదేమో. అయినా రాయండి.

పది ఇరవై ఐదుకి మూత సంగతి మైకులో చెప్పాను. మేడమ్ నవ్వి, క్యాలిక్యులేటర్ టేబుల్ మీద పెట్టి, "టీ చల్లారిపోతుందయ్యా" అంటూ వరండాలో వెతకడానికి వెళ్ళింది. పది ముప్పై రెండుకి తిరిగొచ్చింది. వచ్చేటప్పుడు ఫోన్లో మాట్లాడుతోంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఎవరితోనో నవ్వుతూ, స్క్రీన్ సరిగా చూడకుండా బటన్లు నొక్కింది. పరధ్యానంగా నొక్కింది. మత్తుమందు 2.4 మిల్లీలీటర్లు అంది. బావ 2.4 రాశాడు. 62కి 3.1 రావాలి కదా, 2.4 ఎలా వచ్చిందని మీరు మేడమ్‌ని అడిగారు. ఆవిడ తెలియదంది. నేను బెంచీ దగ్గర నిలబడి విన్నాను. "నాకు తెలియదు సార్, నేను అన్నీ సరిగ్గానే నొక్కాను" అంది. మూడుసార్లు అంది.

పెద్దమ్మాయిని పెట్టెలోంచి దాని గదిలోకి వదిలి, పది నలభైకి గొట్టంతో ఊది సూది కొట్టారు. పది యాభై ఎనిమిదికి పెద్దమ్మాయి తల వాల్చింది. పదకొండు రెండుకి బావా మేడమూ లోపలికి వెళ్ళారు. అక్కడ రెండు గేట్లు. మధ్యలో ఒక్క మనిషి పట్టేంత చోటు. నేను బయటి గేటు దగ్గర ఉన్నాను. పదకొండు నలభై ఐదు దాకా టైముందని గీత చెప్పింది.

పదకొండు ఇరవై ఒకటికి చెవి కదిలింది.

ఎడమ చెవి. దాని వెనక తెల్లమచ్చ ఉంటుంది. ఈగ వాలితే కదిలినట్టు కదిలింది. ఈగ లేదు. నేను చూశాను, ఈగ లేదు.

"బావా, చెవి" అన్నాను.

"నోరు మూసుకోరా. ఇప్పుడా నీ పరాచికాలు?" బావ తల తిప్పలేదు. ఆయన కుడిచెయ్యి దాని నాలుక కింద ఉంది.

"నిజంగా బావా."

"మొన్న నా బూట్లో పాముందన్నప్పుడు కూడా నిజంగానే అన్నావు."

మేడమ్ నవ్వు ఆపుకుంటూ, "మైకూ, నవ్వించకయ్యా, చెయ్యి కదులుతోంది" అంది.

మళ్ళీ చెవి. ఈసారి రెండూ. నా గొంతు రాలేదు. ఇరవై రెండేళ్ళు మైకులో అరిచిన గొంతు సార్. నోరు తెరిచాను, గాలి వచ్చింది. చేతిమైకు నా మెడలోనే వేలాడుతోంది. దాన్ని ఎత్తాలని తోచలేదు.

తర్వాత చప్పుడు. ఎండుకొమ్మ విరిగినట్టు. బావ అరవలేదు, "అమ్మా" అన్నాడు, మామూలుగా, కాలికి రాయి తగిలినట్టు. అప్పుడు నేను రెండు గేట్లూ తోసుకుని లోపలికి దూకి, చీపురు కర్రతో దాని ముక్కు మీద కొట్టి, బావను బయటికి లాగాను. పదకొండు ఇరవై నాలుగు. టేబుల్ మీద ఫ్లాస్కులోంచి ఆవిరి ఇంకా వస్తోంది. మూత లేదు కదా. అది ఎందుకు చూశానో తెలియదు.

సాయంత్రం ఆరింటికి ఆసుపత్రిలో బావకు తెలివొచ్చింది. అక్క మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళింది. నేను మంచం పక్కన నిలబడ్డాను.

"ఎలా ఉంది బావా?"

"ఏది? చెయ్యా? ఉందా అసలు?"

"ఉంది. కట్టులో ఉంది."

"మేడమ్‌ని పట్టుకుపోయారట."

"అక్క ఫిర్యాదు ఇచ్చింది."

"నువ్వేం చెప్పావు?"

నేను ఆయన దుప్పటి సర్దాను.

"ఒరేయ్ బామ్మర్దీ" అన్నాడు. తిట్టలేదు సార్, తిడితే బాగుండేది. "కుక్క తుమ్మినా మైకులో చెబుతావు కదరా. దీనికి అనౌన్స్‌మెంట్ లేదా?"

అక్కడితో నా వాంగ్మూలం అయిపోయిందనుకుని మీరు కాగితం తిప్పారు. తిప్పొద్దు సార్. ఇంకో పేజీ ఇవ్వండి. చెప్పినదాంట్లో అబద్ధం ఉంది, అది తీసేయాలి.

మేడమ్‌కి ఫోను రాలేదు. అది నా కల్పన. ఆవిడ ఫోను డ్రాయర్లో ఉంది, పని ఉన్న రోజు అక్కడే పెడుతుంది. పరధ్యానంగా నొక్కలేదు. ఒక్కో బటనూ ఆగి ఆగి నొక్కింది. స్క్రీన్ చూస్తూనే నొక్కింది. కానీ స్క్రీన్ మీద 62 అని గానీ 48 అని గానీ కనబడదు సార్. పోయిన జవాబు ఇంటూ ఇంత, అని మాత్రమే కనబడుతుంది. ఆ జవాబు ఎవరు పెట్టారో మిషన్ చెప్పదు.

నేను పెట్టాను. మేడమ్ వరండాలో మూత వెతుకుతున్నప్పుడు నేను క్యాలిక్యులేటర్ తీసుకుని 47 ప్లస్ 1 కొట్టాను. 48 వచ్చింది. బావకు చూపించి, "చూడు బావా, మిషన్ కూడా చెబుతోంది, ఇవాళ నా పుట్టినరోజు, పార్టీ ఎక్కడ?" అన్నాను. బావ నవ్వి, "ఆవిడ వస్తోంది, చెరిపెయ్" అన్నాడు. చెరిపేశాను. స్క్రీన్ శుభ్రమైంది. లోపల 48 ఉండిపోయింది. పెద్దమ్మాయి 62 కేజీల ఒంటికి నా వయసు లెక్కన మందు పడింది. గీత కూడా దాని మీదే గీసింది.

ఆ బటన్ పని నాకు తెలియదని చెబుదామని ఇక్కడికి వచ్చాను. కానీ మా ఆవిడ జోకు ముందే చెప్పేశాను, మీరు రాసేశారు. తెలుసు సార్. నొక్కేటప్పుడు గుర్తు రాలేదు. పదకొండు ఇరవై ఒకటికి, చెవి కదిలినప్పుడు గుర్తొచ్చింది. గొంతు పోయింది అందుకే.

లోపలికి దూకానన్నదీ కల్పన. చీపురు కర్ర లేదు. నేను బయటి గేటు గడియ వేశాను. వాళ్ళిద్దరూ లోపల ఉండగా వేశాను. రూల్ ప్రకారం వేయాల్సిందే, బయటివాళ్ళ కోసం. నేను రూల్ కోసం వేయలేదు, నా కోసం వేశాను. చిరుత నోట్లో బావ చెయ్యి ఉండగానే మేడమ్ దాని తొడలో ఇంకో సూది చేత్తో గుచ్చింది. పారిపోలేదు. అది దవడ వదిలేదాకా బావ నడుం పట్టుకుని కూర్చుంది. "మైకూ, గేటు" అని పిలిచింది. మూడోసారికి తీశాను.

నమ్మకం లేకపోతే ఆ క్యాలిక్యులేటర్ ఆన్ చేసి పైకి బాణం నొక్కుతూ వెళ్ళండి. చెరిపినా పాత లెక్కలు వరసగా వస్తాయి. నిన్న మేడమ్ కొట్టినవి ముందు వస్తాయి, వాటి వెనక దాక్కున్నట్టు 47 ప్లస్ 1 ఉంటుంది. డాక్టర్లెవరూ అలాంటి లెక్క మిషన్ మీద వేయరు.

చెవి సంగతి నిజం. బావ "అమ్మా" అనడం నిజం. పుట్టినరోజు నిజం.

మూత పోయిందన్నది అబద్ధం. మేడమ్‌ని కాసేపు తిప్పుదామని నేనే తీసి జేబులో వేసుకున్నాను. ఆవిడ టేబుల్ వదిలి వెళ్ళింది దానికోసమే. నిన్నటి నుంచీ ఇదే ప్యాంటు. ఇదిగో సార్.

పై సంగతులు నేను చెప్పగా రాసి నాకు చదివి వినిపించారు. మొదటి భాగంలో నేను కల్పించినవేవో చివరి భాగంలో చెప్పాను. మిగతాదంతా నేను చూసినదీ చేసినదీ. ఎవరూ బెదిరించలేదు, నా భయం నాదే. సంతకం వచ్చు, కానీ రెండుసార్లు గీత జారిపోయినందున ఎడమ బొటనవేలి ముద్ర వేశాను.

(వేలిముద్ర)

సాక్షి ఇచ్చిన వస్తువు: ఎర్ర ఫ్లాస్కు మూత, ఒకటి.