గంటలోపలి పేరు

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక నీళ్ళలోకి దిగి, కొరియా యుద్ధం దాకా తిరిగొచ్చిన డిస్ట్రాయర్ యుద్ధనౌక స్కాట్లండ్ తీరంలో పాత ఇనుము కింద ముక్కలవుతోంది. ఒకప్పుడు దాని బాయిలర్లు కాసిన ముసలి నావికుడు, ఓడ గంటను సానపడుతున్న పనివాడి ముందు టోపీ తీసి నిలబడ్డాడు.

“ఈ ఓడ ఉరుకుతుంటే చేపలు దారిచ్చి సలాము కొట్టేవి, నాయనా.”

“ఇప్పుడెవరూ కొట్టరులే తాతా. జరుగు, కళ్ళలో పొడి పడుతుంది.”

“గంట ఎవరికి?”

“పబ్బు నడిపే ఆయనకి. లోపలా బయటా తళతళలాడాలన్నాడు.”

“లోపల గీకకు నాయనా! మా పిల్లలకి ఈ గంటనే తలకిందులు చేసి, నీళ్ళు పోసి జ్ఞానస్నానం చేయించేవాళ్ళం. వాళ్ళ పేర్లు లోపల చెక్కించేవాళ్ళం.”

“మీ బిడ్డ పేరూ ఉందా?”

“మోర్వెన్నా. మా ఓడ మాల్టా దీవిలో ఉన్నప్పుడు పుట్టింది. నడక రాకముందే అక్కడి మట్టిలో కలిసిపోయింది. ఆ సమాధి దగ్గరికి పోయే ఓపిక మా ముసలిదానికి లేదు. ఇక్కడ మిగిలింది ఈ పేరొక్కటే.”

సానరాయి ఆగింది. పనివాడు గంటలోకి వంగి చూశాడు.

“ఉంది తాతా, ఇంకా అరగలేదు. మరి ఆయన లోపల చూస్తే?”

“తాగేచోట అందరూ గ్లాసు అడుగు చూస్తారు గానీ గంట కడుపులోకి తొంగిచూస్తారా?”

పనివాడు సానరాయి పక్కన పెట్టాడు.

“అవ్వను తీసుకురా తాతా. ఆమె తడిమి చూసుకునేదాకా గంటను బండెక్కించను.”